అటుకుల మీద మామిడి పిందె

ఓవెన్ లేకుండా అటుకులతో చేసే బార్లు గట్టిపడతాయా అమ్మమ్మా అని మొన్న ఫోన్లో అడిగారు కదా, పడతాయి. ఓవెన్ అనేది ఎలా ఉంటుందో చూడకముందే పెడనలో మన వంటింట్లో చేశాను. మూడోసారికి గానీ కుదరలేదు. అదీ పొరపాటున.

అప్పుడు మీ అమ్మ గుడివాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. చేరి రెండు నెలలు కాలేదు, ఇంటికొచ్చేస్తానని ఒకటే గొడవ. పొద్దున్న పెట్టే ఉప్మా గొంతు దిగదట. ఖాళీ కడుపుతో క్లాసుకెళ్లి, ఒకరోజు కళ్లు తిరిగి కూలబడిందట.

"ఈ నెల చూద్దాం. అప్పటికీ తినకపోతే తీసుకొచ్చేస్తాను. చదువు లేకపోతే పోయింది" అన్నారు మీ తాతయ్య.

నాకేమో అది చదువుకోవాలని. పొయ్యి అక్కర్లేకుండా, పదిహేను రోజులు నిలవుండేలా, క్లాసుకి నడుస్తూ తినేసేలా ఏం చేసి పంపాలి? అటుకులు, వేరుశెనగ గుళ్లు, నువ్వులు వేయించాను. ఎండుకొబ్బరి తురిమాను. నీళ్లలో వేస్తే రాయిలా గట్టిపడేదాకా బెల్లం పాకం పట్టి, అన్నీ కలిపి, పళ్లెంలో పరిచి ముక్కలు కోశాను.

"అమ్మా, గోడకి మేకు కొట్టడానికి బాగా పనికొస్తున్నాయి" అని ఉత్తరం రాసింది.

రెండోసారి పాకం లేతగా దించాను. మనవైపు గాలిలో తేమ తెలుసుగా. దారిలోనే ముక్కలన్నీ కలిసిపోయి ముద్దయ్యాయట, హాస్టల్లో పిల్లలు చెంచాతో తవ్వుకున్నారట.

మూడోసారి చేసేటప్పుడు, మర్నాడు పొద్దున్నే మీ తాతయ్య డబ్బా పట్టుకుని రైలెక్కాలి. అటుకులు వేగిపోయాయి, చూస్తే ఇంట్లో బెల్లం లేదు. వసారాలో ఆయన జాడీ కనిపించింది. కలంకారీ అద్దేవాళ్లం కదా, బట్ట మీద నల్ల రంగు కావాలంటే బెల్లం నీళ్లలో ఇనప ముక్కలు నానబెట్టాలి. దానికోసం దాచిన తాటిబెల్లం అది. ఇంకా ఇనుము తగల్లేదు, శుభ్రంగానే ఉంది. ముందూ వెనకా చూడకుండా పాకం పట్టేశాను. గిన్నె అడుగుతో అదిమితే ఎత్తుపల్లాలొచ్చాయి. పక్కనే కొత్తగా చెక్కించిన మామిడి పిందె అచ్చు కనిపించింది. రంగులో ముంచలేదింకా. కడిగి, తుడిచి, నూనె రాసి దాంతో అదిమాను.

"నా బెల్లమేదే?" అంటూ వచ్చారు.

"ఉంది లెండి, అటుకుల్లో."

"రంగు కుండలో వెయ్యాల్సింది పిల్ల నోట్లో వేస్తావా! ఆ అచ్చు కూడా నాదేనా?"

"ముందు తిని చూడండి. తర్వాత తిడుదురుగాని."

ఒక ముక్క నమిలారు. ఇంకోటి తీసుకున్నారు. రాయీ కాదు, ముద్దా కాదు. విరిస్తే విరిగింది, నమిలితే సాగింది. "చీర మీద కూడా ఇంత బాగా పడదే పిందె" అన్నారు. తాటిబెల్లం గొప్పదనమా, నా పాకం ఆ రోజు కుదిరిందా అని తర్వాత ఎన్నిసార్లో చేసి చూశాను. మామూలు బెల్లంతో అలా రానే రాలేదు.

ఆ డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. నెల గడిచినా ఇంటికొచ్చేస్తానన్న మాట లేదు. మీ తాతయ్య కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు, జాడీలోకి బెల్లం మాత్రం నాకోసం కూడా కలిపి తెచ్చేవారు.

ఒకసారి నేనే డబ్బా పట్టుకుని వెళ్లాను. హాస్టల్ మెట్ల మీద ఎప్పుడూ చూడని పిల్ల నన్ను, డబ్బాని చూసి పైకి కేకేసింది.

"ఒసేయ్, మామిడి పిందెల ఆంటీ వచ్చారే!"

బిలబిలమంటూ ఐదారుగురు దిగారు. మూత నేను తియ్యకముందే చేతులు పడ్డాయి. "మొన్న నాకు సగమే ఇచ్చిందాంటీ" అని ఒకతి ఫిర్యాదు. వాళ్ల మధ్యలో మీ అమ్మ పగలబడి నవ్వుతోంది. మనిషి మాత్రం నేను పంపినప్పటిలాగే సన్నగా ఉంది.

పక్కకి లాగి, "నువ్వు తింటున్నావుటే అసలు?" అన్నాను.

"డబ్బా ఖాళీ అవుతోందిగా అమ్మా" అంది.

రెండేళ్లూ అక్కడే చదివి పాసయింది. రెండేళ్లూ నేను చేస్తూనే ఉన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడడిగినా అదే మాట, అదే నవ్వు. మీరైనా అడిగి చూడండర్రా. అన్ని డబ్బాలు పంపానే, వాటిలో అది తిన్నదెన్ని ముక్కలు?