ఎరువు కుప్పకు మెంతుల పరీక్ష

‘సామాజిక విలువ’ అనే మాటను టెండరు పత్రంలో మొదటిసారి చదివినప్పుడు, దాన్ని దేనితో కొలుస్తారని టెండరు కమిటీలో అడిగాను. మా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో మిగిలే అన్నం, కూరలను ఎరువుగా మార్చే పనిని కాంట్రాక్టరుకు కాక లాలాపేట్ మహిళల సహకార సంఘానికి అప్పగించారు. చుట్టుపక్కల ఆడవాళ్లకు ఉపాధి, క్యాంపస్ తోటలకు ఎరువు దొరకడమే ఆ విలువ అన్నారు. ఒప్పందం గడువు ముగియబోతుండగా, ఆ ఎరువు నిజంగా పనికొస్తుందో లేదో తేల్చే బాధ్యత రసాయనశాస్త్రం బోధించే నాకు వచ్చింది. నేను కాదంటే ఆ ఆడవాళ్ల పని పోతుంది.

ఆ సంగతి తెలిసినా పరీక్ష పరీక్షే. సిద్ధమైందని వాళ్లు చెప్పిన కుప్ప నుంచి ఎరువు తెచ్చి, తార్నాకలోని మా బాల్కనీలో రెండు కుండీలు పెట్టాను. ఒకదానిలో ఎరువు కలిపిన మట్టి, మరొకదానిలో ఉత్త మట్టి. రెంటిలోనూ ఒకే పొట్లంలోని మెంతులు చల్లాను.

“కాఫీలో చక్కెర వేశానన్నా నమ్మవు, చెంచాతో తిప్పి అడుగు చూస్తావు. ఇక వాళ్ల మాటేం నమ్ముతావు, పాపం!” అన్నారు మావారు.

ఉత్త మట్టిలో మెంతులు పచ్చగా లేచాయి. ఎరువు కుండీలో అక్కడొకటి ఇక్కడొకటి తలెత్తి వాడిపోయాయి. ప్రయోగశాలలో చూస్తే ఎరువులో ఉప్పు ఎక్కువగా ఉంది.

ఆ కుండీలను సంఘం ఎరువు చేసే షెడ్డుకు తీసుకెళ్లి సంఘం అధ్యక్షురాలికి చూపించాను. ఆవిడది పెద్ద గొంతు, మొహమాటం లేని మాట.

“ఉప్పుండదా మేడమ్? బిర్యానీ, సాంబారు, పచ్చళ్లు, అన్నీ గిందులనే పడతయి. ఎండాకులు బాగ కలిపితేనే తగ్గుతది. ఆకులేమో తోటోళ్లు కాలబెడుతున్నరు. అడిగితే కాంట్రాక్టుల లేదంటరు.”

“మరి సిద్ధమైందని ఎందుకు చెప్పారు?”

ఆవిడ వాడిన మొలకనొకదాన్ని పీకి చూసింది. “వాసన పోయింది, అయిందనుకున్నం. తప్పే. గీ కుప్పల నుంచి తోటలకు పోయిందంత వాపస్ తెచ్చుకుంటం. రాసుకోండి.”

“రాస్తే ఒప్పందం పోవచ్చు.”

“రాయకుంటే మాత్రం? మీరే మళ్ల ఎన్నడో మెంతులు పట్టుకొని దిగుతరు!” వెనక ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

వాపస్ తెచ్చుకుంటామన్న మాటనూ నేను ఊరికే నమ్మలేదు. మర్నాడు గ్రంథాలయం ముందున్న తోటకు వెళ్లి చూస్తే, సంఘం సభ్యులు మొక్కల మొదళ్ల నుంచి ఎరువును తట్టలకెత్తుతున్నారు. తన ఫలితం తప్పని తేలగానే దాన్ని తానే వెనక్కి తీసుకునే గుణం పరిశోధకుల్లో కూడా నాకు అరుదుగానే కనిపించింది. అంతకంటే పెద్ద మెప్పు నాకు తెలియదు.

నా మాట మీద కమిటీ గడువు కొంత పొడిగించింది, తోటలవాళ్లు ఆకులిచ్చారు. కొత్త కుప్ప తయారయ్యాక చెప్పకుండా వెళ్లి, నాకు తోచిన చోట తవ్వి తెచ్చాను. ఈసారి మెంతులు రెండు కుండీల్లోనూ సమంగా మొలిచాయి. రెండు ఫలితాలూ నివేదికలో రాశాను. ఎరువు చేయమన్న మనం ఆకులివ్వడం మరిచామనీ రాశాను.

“ఒకసారి ఫెయిలైనవాళ్లకు మళ్లీ ఎందుకండీ?” అన్నారు ఒక అధికారి.

“ఫెయిలైన సంగతి దాచనివాళ్లు కనక” అన్నాను.

ఒప్పందాన్ని ఏడాదికే పొడిగించారు, ఆకులు సంఘానికే ఇవ్వాలన్న షరతు చేర్చి. వెళ్లి చెబితే అధ్యక్షురాలు మూతి విరిచింది. “ఏడాదేనా? సరే, ఆకులన్న వచ్చినయి. ఇగ మెంతులు మీరు తేకండి మేడమ్, మేమే చల్లుతం. మొలిచినంకనే తట్ట కదుల్తది.”

సరేనన్నాను. నా పొట్లం మాత్రం నేను తీసుకెళుతూనే ఉన్నాను.