బాపు కూత చెరిపేసిన చేతులు

నేను చేసిన ఒక ఘనకార్యం మక్తల్ వైపున్న మా చుట్టాలందరికీ తెలుసు. కాకపోతే వాళ్లకు తెలిసింది అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది నేనే. ఇప్పుడు నిజం రాస్తున్నాను. మీరు నవ్వుకోవచ్చు, నాకు మాత్రం నవ్వు రాదు.

మా బావ మస్కట్ నుంచి అన్నకు ఒక ఫోన్ పంపాడు. ఆన్ చేస్తే చాలు, అక్కడి కంపెనీ ముద్ర తెర నిండా పరుచుకుని పెళ్లి బ్యాండులా మోత మోగేది. అన్నకు అదేమీ పట్టదు. గొర్రెలను మళ్లించేటప్పుడు బాపు వేసే కూతను సరదాకు అందులో రికార్డు చేసుకున్నాడు. బాపు పోయాక మంద అన్న మాట వింటే ఒట్టు. ఫోన్ పైకెత్తి ఆ కూత వినిపిస్తే మాత్రం, ఇంటి గంట విన్న బడి పిల్లల్లా అన్నీ ఇంటిదారి పట్టేవి. అమ్మ కూడా అది వినగానే, బాపు వస్తున్నట్టే, పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

నేనేమో కొత్తకోటలో ఉంటూ, నాలుగు వీడియోలు చూసి, నా ఫోన్ ఒకటి బాగుచేసుకున్న మొనగాణ్ని.

"అన్నా, గీ పరాయి ముద్ర తీసేస్త. లోపలి సాఫ్ట్‌వేరంత మార్చి మన దేశం ఫోన్ చేస్త."

"దాని మూతికి ఏ ముద్రుంటే నాకేందిరా? బాపు గొంతు పోదు గద?"

"నేనున్న గద, ఫికర్ చెయ్యకు."

ఈ మాట అన్నవాడి చేతికి మీ ఫోన్ ఇవ్వకండి.

కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి: ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే వేరేచోట దాచుకోండి. అది కొత్తవాళ్లకు రాసిందనుకున్నాను. నాది ఒక ఫోన్ అనుభవం కదా! కేబుల్ తగిలించి నొక్కాను. కాసేపటికి పని పూర్తయిందని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నిజంగానే పూర్తయింది. ముద్ర పోయింది, మోత పోయింది, దేశం మారింది. అంతే శుభ్రంగా బాపు కూడా పోయాడు.

"ఏదిరా కూత?" అన్నాడు అన్న, మంద నడుమ నిలబడి.

"ముద్ర తీసేసినమని ఆ కంపెనోళ్లు మస్కట్‌ల కూసొని ఆడికెంచే కూత గుంజుకున్నరన్నా."

అన్న నమ్మాడు. బావ సెలవు పెట్టి మరీ ఆ కంపెనీ దుకాణానికి వెళ్లి కొట్లాడాడు. వాళ్లకు పాపం ఒక్క ముక్క అర్థంకాక చాయ్ తాగించి పంపారట.

ఆ కూత నేనే వేసి చూశాను. గొర్రెలు ఒకసారి తలెత్తి మళ్లీ మేతలో పడ్డాయి. మా కుక్క నా మీదికి మొరిగింది. ఎనిమిది రోజుల్లో మంద అన్న గొంతుకు అలవాటు పడింది. అమ్మ పడలేదు.

"మీ బాపు గొంతు మింగినోని చేతులు పడిపోను" అంటూ నాకు అన్నం వడ్డించేది. ఆ చేతులతోనే కలుపుకుని తినేవాణ్ని. ఏళ్ల తరబడి తిన్నాను.

మొన్న చెప్పేశాను. "అమ్మా, కంపెనోళ్లు కాదు. నేనే."

అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని తిరగేసి చూసింది.

"గిన్నేండ్లు తిట్టిన. ఒక్కటన్న తాకలే నీకు, మంచిగైంది." నా చేతులు వదిలేసి అంది. "ఇగ నేనెవర్ని తిట్టాల్రా?"

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఫోనూ ముట్టను. ఎర్ర అక్షరాలు కనబడితే చెప్పులు విడిచి, నిలబడి చదువుతాను. ఆ పరాయి కంపెనీని మా అమ్మ తిట్ల నుంచి ఈరోజుతో విడుదల చేస్తున్నాను. ఇకపై అవన్నీ నా పేరు మీదే రావాలి. రావడమే లేదు.