ముక్కు సాక్ష్యం

ముక్కుసూటి మనిషి అన్న మాట ఆమె విషయంలో రెండు విధాలా నిజమని బ్రూవరీలో అనుకునేవారు. ఉన్నమాట ముఖాన అనేస్తుంది, అది ఒకటి. ఆ ముక్కు ఎటు తిరిగితే అటువైపు బస్తాలో బూజు దొరుకుతుంది, అది రెండోది. అసలు పేరు హాజరుపట్టీకే మిగిలిపోయింది. బీరు కాచే పెద్దమేస్త్రీ మొదలుకొని పీపాలు దొర్లించేవాళ్ల దాకా అందరికీ ఆమె ముక్కక్క.

ఆమె చేరింది ట్యాంకులు కడగడానికి. ఒక ఉదయం ట్యాంకు మూత తీసిన మరుక్షణమే, "ఇది పులవలేదు, చెడింది" అంది. రుచి చూసిన పెద్దమేస్త్రీ ముక్కున వేలేసుకున్నాడు. అప్పటినుంచి పొద్దున పూట ఆమెకు రుచి బల్ల దగ్గర కుర్చీ వేశారు. ఆమె "ఊఁ" అంటేనే సరుకు గేటు దాటేది. మధ్యాహ్నం మాత్రం మళ్లీ రబ్బరు బూట్లు తొడుక్కుని కడుగుడు గదికి వెళ్లవలసిందే. కుర్చీ ఇచ్చినవాళ్లు ట్యాంకులు కడిగే గొట్టం మాన్పించలేదు.

ఆ గదిలో గాలి లాగే ఫ్యాను కాలిపోయింది. అదే నెలలో ట్యాంకులు కడిగే పాత మందుకు బదులు మరింత ఘాటైన యాసిడ్ వచ్చింది. ఫ్యాను సంగతి అడిగితే మేనేజరు వచ్చే నెల అన్నాడు. ఆ వచ్చే నెల ఎప్పటికీ వచ్చే నెలగానే ఉండిపోయింది. ముఖానికి కట్టుకొమ్మని గుడ్డముక్కలు పంచారు. ఒక సాయంత్రం ముక్కక్క ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తుండగా పక్కగదిలోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, చొక్కా మాడిపోతుంటే చూస్తూ నిలబడ్డావేంటి?"

ఇస్త్రీపెట్టె కింద గుడ్డ నల్లబడి పొగలు లేస్తోంది. ముక్కక్కకు ఏ వాసనా తగల్లేదు. జలుబు చేసిందని చెప్పింది. ఆ జలుబు మళ్లీ తగ్గలేదు.

ఆమె ఆ సంగతి దాచింది. రుచి బల్ల పోతే మిగిలేది రోజంతా ఆ గదే. అందుకని పక్కనే రుచి చూసే పెద్దమేస్త్రీ కనుబొమ్మను వాసన చూడటం నేర్చుకుంది. అది పైకి లేస్తే గ్లాసు పక్కకు జరిపేది, కదలకపోతే కాసేపాగి "ఊఁ" అనేది. ఆలోచించి చెబుతోందని ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆ తరవాత ఆమెతో కలిసి గొట్టం పట్టే పిల్లకు దగ్గు మొదలైంది. చెల్లెలు వరస కలుపుకుని అక్కా అక్కా అని వెంట తిరిగే మనిషి. రెండు మెట్లెక్కితే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. ఊపిరితిత్తులు గాయపడ్డాయని డాక్టరు రాసిచ్చాక ఆమె పరిహారం కోరింది. కంపెనీ వకీలు ఇచ్చిన జవాబు వినడానికి ఎంతో ముచ్చటగా ఉంది: అదే గదిలో ఆమెకంటే ముందునుంచీ పనిచేస్తున్న మనిషి ముక్కు ఈరోజుకీ చెక్కుచెదరలేదు, గాలిలో విషమే ఉంటే ముందుగా పోవలసింది ఆ ముక్కే కదా? సోమవారం విచారణ. కంపెనీ తరఫు సాక్షి ముక్కక్క.

"కొత్తగా కల్పించేదేమీ లేదు. ముక్కు బాగుందని చెప్పు, అంతే" అన్నాడు మేనేజరు.

ఆమె తల ఊపింది.

విచారణకు ముందు శని, ఆదివారాలు బీరు రుచి చూస్తూ తిరిగొద్దామన్న మాట తెచ్చింది చెల్లెలే. "ఇన్నేళ్లూ ఎవరో తాగేదానికి మనం కడుగుతూనే ఉన్నాం. ఒక్కసారి బల్లకి ఇవతల కూర్చుందామక్కా. నువ్వు సోమవారం వాళ్ల మనిషివి. అప్పటిదాకా నా మనిషివే కదా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో ముక్కక్కకు అంతుపట్టలేదు. బ్రూవరీలో పీపాల వ్యాను నడిపే, ఇద్దరూ తమ్ముడని పిలిచే కుర్రాడు తన బావమరిది కారు తెచ్చాడు. కొండదారి పొడుగునా చిన్న చిన్న బ్రూవరీలున్నాయి. ఇంటి పెరడంత చోటులో నాలుగు ట్యాంకులు, ముందు చెక్కబల్లలు.

"నేను చుక్క ముట్టను, చక్రం పట్టాను. మీరిద్దరూ తాగి నన్ను తిట్టకుండా ఉంటే చాలు" అన్నాడు తమ్ముడు.

"తాగకముందే తిడతాం కదరా, మళ్లీ దానికి ఖర్చెందుకు?" అంది చెల్లెలు. నవ్వు దగ్గులోకి దిగింది. అది ఆగేదాకా తమ్ముడు కారు వేగం తగ్గించాడు.

మొదటి చోట ఏ ఇబ్బందీ రాలేదు. చెల్లెలు ఒక్కో గుక్క నోట్లో పోసుకుని, నారింజ తొక్క అంది, కాల్చిన రొట్టె అంది. ముక్కక్క ప్రతిదానికీ అవునంది. రెండోచోట నీరెండ పడే వరండాలో కూర్చున్నారు. పనిలో ఉన్నావిడ కడిగిన గ్లాసులు తడితడిగానే తెచ్చి నింపి పెట్టింది. చెల్లెలు గ్లాసు ముఖం దాకా ఎత్తి చటుక్కున దించేసింది. పక్కనున్న తమ్ముడు కూడా, "అబ్బా, బ్లీచింగ్ కంపు" అంటూ తల వెనక్కి తీసుకున్నాడు.

అప్పటికి ముక్కక్క గ్లాసు సగం ఖాళీ అయింది. నాలుక కాస్త చుర్రుమంది. కొత్తరకం బీరేమో అనుకుంది.

కడిగినదాన్ని దేన్నయినా ముందు ముక్కుకు చూపించి తరవాత మూతికి చూపించాలని చెల్లెలికి నేర్పింది ముక్కక్కే. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. చెల్లెలు గ్లాసు లాక్కుని అవతల పారబోసి, మంచినీళ్లు తెప్పించి తాగించింది. కారెక్కాక అడిగింది.

"ఎప్పట్నుంచి?"

"ఫ్యాను ఆగిన నెల నుంచి."

"అంటే నా దగ్గుకంటే ముందే."

"ముందే."

తమ్ముడు అద్దంలోంచి ఒకసారి చూసి, కళ్లు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. చాలా దూరం పోయాక చెల్లెలు అంది: "అప్పుడే ఒక్కమాట నా చెవిన వేస్తే, మానేద్దునో, గొడవ పడుదునో. ఏం చేసేదాన్నో నాకే తెలీదు. తెలుసుకునే వీలైనా ఉండేది కదక్కా."

 ముక్కక్క చెప్పడానికి ఉన్నవన్నీ నిజాలే. బల్ల పోతుందన్న భయం నిజం, కూతురి చదువు నిజం. ఆ నిజాలన్నీ పోగేసినా చెల్లెలి ఊపిరంత బరువు తూగవు.

మర్నాడు పొద్దున చెల్లెలు ముందుసీట్లో కూర్చుంది. ముక్కక్క వెనక ఒక్కతే. మూడో బ్రూవరీ యజమాని ఒకప్పుడు వాళ్ల పెద్దమేస్త్రీ దగ్గర పని నేర్చినవాడు, మేనేజరుకు స్నేహితుడు. ముక్కక్కను చూడగానే పెళ్లివారిని ఎదుర్కొన్నట్టు ఎదురొచ్చి, బల్లల దగ్గరున్నవాళ్లను పిలిచాడు.

"ఈవిడ ముక్కు గురించే నేను చెప్పేది. అక్కా, కొత్త ట్యాంకు రేపు విప్పాలి. నువ్వు ఊఁ అంటే విప్పుతా, ఊహూఁ అంటే కాలవలో పోస్తా. మధ్యమాట లేదు."

రెండు గ్లాసులు వచ్చాయి. చెల్లెలు తన గ్లాసు వాసన చూసింది. అలవాటు చొప్పున ముక్కక్క కళ్లు పక్క ముఖం కోసం వెతికాయి. చెల్లెలు ఆమెనే చూస్తోంది. చూస్తూ, ఎవరికీ కనబడనంత మెల్లగా తల ఊపింది. బాగుందనెయ్, పరువు దక్కుతుంది అన్నట్టు.

ఆ ముక్కు బాగుందని లోకం నమ్మినంత కాలం చెల్లెలి దగ్గు అబద్ధమవుతుంది. ఆ సంగతి తెలిసీ, నలుగురిలో తల దించుకోకూడదని ఆ పిల్ల తన చేత్తోనే సాయం అందిస్తోంది.

ముక్కక్క గ్లాసు బల్ల మీద పెట్టింది. "నాకు తెలియదు. నా ముక్కు పోయింది. మా కడుగుడు గదిలో పోయింది."

ఎవరో నవ్వబోయి ఆగారు. "జోకులొద్దక్కా" అన్నాడు యజమాని.

"ఫ్యాను ఆగిన నెలలో పోయింది. అప్పటినుంచి నేను ఊఁ అన్నవన్నీ మీ గురువుగారి ముఖం చూసి అన్నవే. మా మేనేజరు గారికి ఇప్పుడే ఫోన్ చేసినా సరే. రేపు అక్కడా ఇదే చెబుతాను."

అతను నిజంగానే ఫోను తీసుకుని లోపలికి నడిచాడు. తమ్ముడు లేచి, "కారు తియ్యనా?" అన్నాడు.

"కూర్చోరా. గ్లాసులో ఇంకా ఉంది" అంది చెల్లెలు.

విచారణలో వకీలు లేచి, ఇన్నాళ్లూ అబద్ధమాడిన మనిషి మాట ఇవాళ ఎలా నమ్మాలని అడిగాడు. న్యాయమైన ప్రశ్నలాగే వినిపిస్తుంది. ఆ అబద్ధం మీదే కేసు నిలబెట్టుకున్నవాడు అడిగాడన్నది మరిచిపోతే.

"నమ్మకండి. పెద్దాసుపత్రికి పంపి పరీక్ష చేయించండి. అలాగే ఫ్యాను ఎప్పుడు ఆగిందో కంపెనీని అడగండి" అంది ముక్కక్క.

విచారణ జరిపే అధికారి రెండూ రాసుకున్నాడు. కడుగుడు గదికి తాళం పడింది. చెల్లెలి కేసు ఇంకా నడుస్తోంది. ముక్కక్క రుచి బల్ల ఆ వారమే పోయింది. ఇప్పుడు ఒక బట్టల కొట్టులో మడతలు పెడుతోంది.

రెండురోజులకొకసారి చెల్లెలు ఆమె ఇంటికి వస్తుంది. మెట్ల దగ్గర ఆగి, ఊపిరి కూడదీసుకుని, లోపలికి వచ్చి ముందుగా వంటగదిలోకి పోతుంది. పాలగిన్నె మూత తీసి వాసన చూస్తుంది. బాగుంటే పొయ్యి మీద పెడుతుంది. క్షమించానని మాత్రం ఇంతవరకూ అనలేదు. ముక్కక్కా అడగలేదు.