సున్న అని రాసిన మూడు రోజుల వాన

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఖమ్మంలో మా ఇంటి వరండాలో కూర్చుని రోజువారీ పుస్తకం రాసుకుంటూ ఉండగా, రేకుల మీద వాన దబదబా మొదలైంది. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు ఫోన్ చూసి, "తాతా, ఇప్పుడు మన దగ్గర వాన లేదంట" అని చెప్పి, ఆ వెంటనే ఆరేసిన బట్టల కోసం తడుస్తూ పరుగెత్తింది. నాకు ఒళ్లు మండింది. అయితే ఆ కోపాన్ని పుస్తకంలోకి ఎక్కించబోయేసరికి నవ్వొచ్చి కలం ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా అదే తప్పును, అంతకంటే దర్జాగా, కింద సంతకం పెట్టి మరీ చేసినవాణ్ని నేను.

నా మొదటి ఉద్యోగం ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక గూడెంలో. ఒకే గది, ఒకే పంతులు. ఆ వేసవిలోనే బడి ఆవరణలో కొత్తగా వానను కొలిచే డబ్బా ఒకటి పాతి, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు అందులో చేరిన నీటిని గాజు గొట్టంలో పోసి కొలిచి రిజిస్టరులో రాసే బాధ్యత నాకు అప్పగించారు. రికార్డులంటే నాకు అప్పటికే పిచ్చి. రిజిస్టరుతో ఆగక నల్లబల్ల మీద కూడా రాసి, పిల్లల చేత పలకల మీద ఎక్కించేవాణ్ని. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తనిఖీ అధికారి ఆ నెలలోనే వచ్చి నా రికార్డులు చూసి తేల్చవలసి ఉంది.

తొలకరి వచ్చింది. పొద్దుగూకిన తరువాత మొదలై తెల్లవారేసరికి వెలిసే వాన. మొదటి ఉదయం డబ్బా తెరిచి చూస్తే పొడిగా ఉంది. నేను నిబ్బరంగా సున్న రాశాను. బురద కాళ్లతో వచ్చిన పిల్లలంతా బుద్ధిగా సున్న ఎక్కించుకున్నారు, మూడో తరగతి పిల్ల ఒక్కతె తప్ప. తమ చూరు కింద మరిచిపోయిన ఖాళీ కుండ నిండిందని ఆ పిల్ల లేచి చెప్పింది. పరికరం అబద్ధమాడదని చెప్పి కూర్చోబెట్టాను. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆ పిల్ల నిండు చెంబు ఒకటి రెండు చేతులా పట్టుకొచ్చి, నా రిజిస్టరు పక్కన పెట్టి, "ఇది సున్ననా సార్?" అంది. బడంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఆ చెంబు బడి విడిచేదాకా నా ముందే ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్లాను. బడి ఊడ్చే అవ్వ, ఆ పిల్ల నాయనమ్మే, డబ్బా మీది మోదుగాకు విస్తరిని, దాని మీద పెట్టిన రాయిని జాగ్రత్తగా తీసి పక్కన పెడుతోంది. ఎందుకు మూశావని అడిగితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది సారూ గట్లంటవు? నీళ్ల గిన్నెను తెరిచి పెడ్తరా ఎవలన్న? ఆకులు పడవా, పిట్టలు రెట్టెయ్యవా? సర్కారోళ్లది గదా అని పొద్దుమీకి మూస్తున్న." ఆ గూడెంలో ఏ ఇంట్లోనూ నీటి పాత్ర మీద మూత లేకుండా నేను చూడలేదు. మూడు రోజులుగా ఆమె తన పద్ధతి తాను పాటించింది. కొలిచే ముందు డబ్బా రాత్రంతా తెరిచి ఉందో లేదో చూసుకోవలసిన నా పద్ధతి నేను పాటించలేదు.

తనిఖీకి రెండు రోజులే మిగిలాయి. పక్క ఊళ్లో పంతులుగా ఉంటూ ఇలాంటి డబ్బానే కొలిచే మా మేనమామ దగ్గరికి పరుగెత్తాను. "మా ఊరి అంకెలు ఏసెయ్యి అల్లుడా, మబ్బుకేమన్న పొలిమేరలుంటయా?" అని నవ్వాడాయన. ఆయన అంకెలు కాగితం మీద రాసుకుని మరీ తెచ్చుకున్నాను. తీరా కలం పట్టాక, ఆ పిల్ల ఆ అంకెలను కూడా పలక మీద ఎక్కించుకుంటుందన్న ఊహ వచ్చి చెయ్యి ఆడలేదు. మూడు సున్నలను కనబడేటట్టుగా ఒక్కొక్క గీతతో కొట్టివేసి, పక్కన "తెలియదు, చూడకపోవడం నా తప్పు" అని రాసి సంతకం చేశాను. నల్లబల్ల మీదా అదే రాశాను.

తనిఖీ అధికారి ఆ పేజీ రెండుసార్లు చదివారు. జరిగినదంతా అడిగి తెలుసుకుని, చెంబు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నవ్వారు. నేను గట్టెక్కాననుకున్నాను. ఆయన మాత్రం నవ్వుతూనే నా ఉద్యోగం ఖాయం కావడాన్ని ఆరు నెలలు వెనక్కి నెట్టారు. "సున్నలు రాసినందుకు గాదు. మొదటి రోజు లేచి చెప్పిన పిల్లను కూసోబెట్టినందుకు" అన్నారు. మామ వారం రోజులు నన్ను ఆడిపోసుకున్నాడు. అలా వాయిదా వేస్తూ అధికారి ఇచ్చిన మెమో ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. ఆ ఆరు నెలలూ వాన కొలిచింది ఆ పిల్లే, నేను పక్కన నిలబడి సరిచూసేవాణ్ని; విస్తరి వేయవద్దని అవ్వను ఒప్పించేసరికి మాత్రం వానాకాలం సగం గడిచింది.

ఇదంతా చెబితే మనవరాలు తడి జుట్టు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వి, తన ఫోన్‌లో "తెలియదు" అనే మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. లేదట. కింద సంతకం ఎవరిదని అడిగాను. అదీ లేదట. వాన కొలిచే యంత్రాలు మా కాలం కంటే ఎంతో మెరుగుపడ్డాయి, కాదనను. కానీ నిండు చెంబు తెచ్చి బల్ల మీద పెడితే, సిగ్గుపడి మర్నాడు తెల్లవారుతూనే లేచి వెళ్లేవాడు ఇప్పుడు ఆ బల్ల వెనుక ఎవడున్నాడో, ఎంత వెతికినా నాకు కనబడడం లేదు.