అమ్మ ఓడిపోయిన కేసు

మా అమ్మకు ఒక లాయరంటే చచ్చేంత అభిమానం, అంతకు మించి కోపం. ఆ లాయరు ఉండేది మార్కాపురం కోర్టులో కాదు, మా ఇంట్లో టీవీలో. రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్లో అతనే హీరో. తాగుతాడు, అబద్ధాలాడతాడు, కన్నకూతురు ఫోన్ చేస్తే ఎత్తడు. కానీ దిక్కులేని పిల్లల కేసు వస్తే మాత్రం ప్రాణం పెట్టి వాదిస్తాడు. కోర్టులోకి వెళ్లబోయే ముందు ఆ పిల్ల ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, "నీకేం కావాలి?" అని అడుగుతాడు. అక్కడ అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. మరుక్షణంలో అతను సీసా మూత తీస్తే, "మళ్ల మొదలుబెట్టినాడు చూడు ఎదవ" అని తిట్టిపోస్తుంది.

ఆ అరగంటా ఇంట్లో ఎవరూ నోరు విప్పడానికి లేదు. ఎరువుల దుకాణం కట్టేసి వచ్చిన నాయన అన్నం తింటూ ఊరగాయ కావాలన్నా సైగ చేయాల్సిందే. ఒకసారి పొలమారి దగ్గితే అమ్మ ఆయన వైపు చూసిన చూపుకు దగ్గు దానంతటదే ఆగిపోయింది.

సీరియల్ చూసీ చూసీ అమ్మ మా వీధి పిల్లల తరఫున వకాల్తా పుచ్చుకోవడం మొదలుపెట్టింది. పక్కింటి పిల్లవాడి బంతి తగిలి ఎవరిదో మోటార్ సైకిల్ అద్దం పగిలితే, బండి దారికి అడ్డంగా పెట్టారని అమ్మ ఎంత గట్టిగా వాదించిందంటే, బండి ఆయన చివరికి తానే సారీ చెప్పి వెళ్లాడు. బండి గోడవారగానే ఉందని నాకు తెలుసు. ఆ మాటే అడిగితే, "లాయరన్నాక చూసిందంతా చెప్తారా ఏంది?" అంది. ఆమె ముఖంలో ఎంత సంతోషమో.

అసలు కేసు ఆ ఎండాకాలంలో మా ఇంటికే వచ్చింది.

మా అక్కకూ బావకూ బెంగుళూరులో ఉద్యోగాలు దొరికాయి. ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలే. అక్కడ కుదురుకునేదాకా, ఒక ఏడాది, వాళ్ల కూతురు ఇక్కడే చదువుకోవాలి. మూడో తరగతి. మార్కాపురంలో మా దగ్గర ఉండాలా, బేస్తవారిపేటలో బావ వాళ్లమ్మ దగ్గర ఉండాలా అన్నది తేలలేదు. అమ్మా, ఆమె ఇద్దరూ నాకంటే నాకని పట్టుబట్టారు. పిల్లను ఎవరూ వద్దనే గొడవలు చాలా చూశాను కానీ, కావాలని కొట్టుకునే గొడవ చూడటం నాకదే మొదలు. అందుకే నాకు లోలోపల సరదాగానే ఉంది. అమ్మకు మాత్రం అది సరదా కాదు. అడక్కముందే బీరువాలో కింది అర ఖాళీ చేసింది. కొత్త స్కూలు బ్యాగు కొనుక్కొచ్చి, దాని మీద దుమ్ము పడకుండా తువ్వాలు కప్పింది. ఆ పిల్ల రాకపోతే అమ్మ ఏమైపోతుందో అని నాకు భయం వేసింది.

ఒక ఆదివారం పొద్దున మా హాల్లో పంచాయితీ పెట్టారు. అక్కా బావా వచ్చారు. బావ వాళ్లమ్మ, తోడుగా ఆమె తమ్ముడు, మా వైపు పెదనాయన. మాటలు స్కూళ్ల దగ్గర మొదలై బస్సుల మీదుగా నీళ్ల మీదికి పోయాయి.

"మార్కాపురంలో అయితే స్కూలు ఆటో ఇంటికాడికే వస్తది" అంది అమ్మ.

"మా ఇంట్లో పాడి ఉండాది వదినా. పిల్లకు చిక్కటి పాలు దొరుకుతాయి" అంది బావ వాళ్లమ్మ. ఆమె గొంతు ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది.

"పాల ప్యాకెట్లు మాకు దొరకవా?"

"ప్యాకెట్ పాలూ పాలేనా?" అన్నాడు ఆమె తమ్ముడు. పెదనాయనకు కోపం వచ్చింది. రెండుసార్లు టీలు తిరిగాయి, సంగతి మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడు అమ్మ లేచి నిలబడింది. ఆ నిలబడటం నేను గుర్తుపట్టాను. టీవీలో రోజూ చూసేదే.

"ఇంతసేపటి నుంచి ఇంతమంది మాట్లాడినాం. ఆ పిల్లనడిగినారా ఎవరన్నా?"

ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. మా వైపు ఎన్నో పంచాయితీలు చూశాను. పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ముందు చేసే పని వాళ్లను ఆడుకోమని బయటికి పంపడం. నాకు అమ్మను చూస్తే గర్వంగా అనిపించింది. నాయన కూడా, "అది న్యాయమే" అన్నాడు.

పిల్లను వరండాలోంచి పిలిచాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మ సోఫా పట్టుకుని కిందికి వంగి, పిల్ల ఎదుట కూర్చుంది.

"నీకేం కావాల్నో చెప్పు తల్లీ. ఎవరేమనుకుంటారో అని చూడొద్దు. నువ్వెట్ల చెప్తే అట్లే."

అంత ధీమాగా అడగడం చూసి, గెలిచేశామనుకున్నాను. పిల్ల కాసేపు ఆలోచించింది.

"బేస్తవారిపేటకు పోతా" అంది.

అమ్మ ముఖం చిన్నబోయింది. అయినా ఊరుకోలేక, "ఎందుకమ్మా?" అని అడిగింది.

"నేను చెప్పేదంతా నాయనమ్మ వింటది. నువ్వు సీరియల్ చూసేటప్పుడు ఉష్ అంటావు."

ముందు నవ్వింది నాయనే. ఎన్నేళ్ల నుంచి దాచుకున్న నవ్వో, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత పెదనాయన, బావ, అక్క, అందరూ. పిల్లకు తనేం తప్పన్నదో తెలియక దిక్కులు చూసింది. అమ్మ ఒక్కతే నవ్వలేదు. కింద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆమెను చూసి ఆపుకున్నాను.

"పెద్దకోర్టుకు పోతావా మరి?" అన్నాడు నాయన.

"అడిగింది నేనే గదా" అంది అమ్మ నా చెయ్యి పట్టుకుని లేస్తూ. "పిల్ల చెప్పింది. అయిపాయ."

నాకు అప్పుడే తెలిసింది, మా అమ్మ ఆ లాయరు కంటే గొప్పదని. అతను ఎన్ని కేసులు గెలిచినా, అడిగిన మాట తనకే ఎదురు తిరిగితే ఇలా తల వంచడం నేనెప్పుడూ చూడలేదు.

బావ వాళ్లమ్మ దగ్గరికొచ్చి, "శనాదివారాలు నీ దగ్గరికే పంపిస్తా వదినా. నాకు మాత్రం తెలీదా నీ ప్రాణం" అంది. అమ్మ తల ఊపింది. తువ్వాలు తీసి, బ్యాగును దులిపి, పిల్ల భుజానికి తనే తగిలించింది.

బడులు తెరిచారు. అనుకున్నట్టే పిల్ల ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సులో వచ్చేది. వర్షాలు పడే రోజుల్లో ఒక శనివారం సీరియల్లో పెద్ద తీర్పు ఉంది. లాయరు లైసెన్సు రద్దు చేస్తారా, అతను కాపాడుతున్న పిల్ల ఏమవుతుంది, అన్నీ ఆరోజే తేలతాయని వారమంతా చెబుతూ వచ్చారు. నాయన దుకాణం ముందుగానే కట్టేసి వచ్చి, సైగలకు సిద్ధపడి కంచం ముందు కూర్చున్నాడు.

ఏడయింది. టీవీ పెట్టనే లేదు. అమ్మ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, పిల్ల ఆమె ఎదురుగా. బేస్తవారిపేట ఇంట్లో బర్రె ఈనిందట. నాయనమ్మ తనను దగ్గరికి రావద్దందట. అయినా తను కిటికీలోంచి చూసిందట. పిల్ల చేతులు తిప్పుతూ చెబుతోంది, ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట.

"ఈ పొద్దు తీర్పు గదనే" అన్నాడు నాయన. అమ్మ ఆయన వైపు చూడలేదు.

ఆ మాటకు పిల్ల ఆగింది. టీవీ వైపు చూసి, "అమ్మమ్మా, నీ లాయరు?" అంది.

"వాడి తిప్పలు వాడు పడతాడులే. దూడ లేచి నిలబడిందా లేదా, అది చెప్పు."