ఫట్‌ఫటీకి చెప్పులు

మా ఊళ్ళో దండోరా వేసే మనిషికి గొంతు ఎంత పెద్దదో చెవి అంత చిన్నది. ఆయన తప్పెట మీద ఒక్క దెబ్బ వేస్తే మైదుకూరు సంతలో ఎద్దులు బెదిరి తలుగులు తెంచుకునేవి. కానీ చావడిలో రెడ్డి చెప్పిన మాట ఆయన చెవిలో ఒక రకంగా పడి, నోట్లోంచి ఇంకో రకంగా బయటికొచ్చేది. ఆ వేసవిలో రెడ్డి చెప్పి పంపింది "పెన్నలో మోటారు సైకిళ్ళ ర్యాలీ" అని. ఊరు విన్నది మాత్రం వేరు.

"వచ్చే ఆయితారం పెన్నేట్లో మోటారు సైకిళ్ళు రాలునహో."

మా పక్క రాలేవి చింతకాయలు, వేపపండ్లు, వానొస్తే మిద్దె పైనుంచి మట్టిపెళ్ళలు. మోటారు సైకిళ్ళు రాలడం ఎవరూ ఎరగరు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. విమానాన్ని చూసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. "అంత పెద్దది పైన పోతాంటే చిన్నాచితకవి రాలవా?" అని వాళ్ళు తేల్చేశారు. పొద్దుగూకేలోపల సగం ఊరు గోనెసంచులు దులిపి పెట్టుకుంది. ఇంటికొకటి వస్తుందా, వీధికొకటి వస్తుందా అని పోట్లాటలు కూడా మొదలైనాయి.

విడమరిచి చెప్పే పని నా మీద పడింది. నేను ఫోర్తు ఫారం తప్పినవాణ్ణి. మా ఊరి లెక్కలో తప్పినా దాటినా ఒకటే. ఇంగ్లీషును దగ్గరగా చూసొచ్చినవాడు, అంతే. అసలు సంగతి ఇది: యాడనో దండులో ఉండే తెల్లదొరలు కొందరు సరదాకు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, ఎండిన పెన్న ఇసకలో పందేలు తోలతారు. బాగుంటే ఏటేటా తోలతారు. ఇది విని ఊరు సంచులు మడిచి లోపల పెట్టి, రెండుగా చీలింది.

బజారువీధి రావల్లంది. ఏటివీధి రాగూడదంది.

బజారువీధికి పెద్ద కాఫీ హోటలాయన. ఆయన హోటలంటే రెండు బెంచీలు, ఒక పొయ్యి, ఊరిలోని ఈగలన్నీ. దొరలొస్తారని తెలిసిన పూటనుంచే ఆయన కాఫీలో నీళ్ళు తగ్గించడం అలవాటు చేసుకుంటున్నాడు. ఆయన పక్కన గోలీసోడా సాయిబు. దొర గొంతులో సోడా ‘కీక్’మంటే ఆ సద్దు శ్రీశైలం మల్లన్నకు వినపడుతుందని ఆయన నమ్మకం. మూడో ఆయన చెప్పులు కుట్టే పెద్దాయన, పేటలో చర్చికి పెద్ద. ఆయితారం పూట పందేలేందని ఆయన అలగాల్సింది. కానీ అరిగిన మోటారు టైర్లు తెచ్చి, కోసి, చెప్పుల అడుగులు కుట్టడం ఆయన వృత్తి. అన్ని బండ్లొస్తే ఎన్ని టైర్లు అరగవు? దేవుణ్ణి తెల్లారే ప్రార్థించుకొని, పందేనికి అడ్డం రానన్నాడు.

ఏటివీధికి పెద్ద మా జేజి, అంటే మా నాయనమ్మ.

ఇక్కడ మా నీళ్ళ సంగతి చెప్పాల. మా ఊరి బావుల్లో నీళ్ళు ఉప్పు కషాయం. ఆ నీళ్ళలో ఉగాదికి కందిపప్పు వేస్తే దీపావళికి కూడా ఉడకదు. మా తాత ఒకసారి ఉడకని కందిబేడ కొరికి రెండు పండ్లు పోగొట్టుకున్నాడు. ఆయన పోయిందాకా ఆ పక్కన నమల్లేదు. ఎండాకాలంలో మమ్మల్ని బతికించేవి చెలమలు. ఏట్లో ఇసకను చేతులతో తోడి గుంత చేస్తే, లోపలనుంచి తేటనీళ్ళు మెల్లగా ఊరుతాయి. కొబ్బరిచిప్పతో ముంచి కడవ నింపుకోవాల. ఊరోళ్ళ చెలమలు పైన, పేటోళ్ళ చెలమలు కింద. ఇసక కింద పారే నీళ్ళకు మాత్రం ఆ తేడా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొక చెలమ. మాది జేజి చేతిది. ఆమె అందులోకి వంగి మాట్లాడేది, నీళ్ళు పలికేవి. అందులో గడ్డి పరక పడినా ఆమెకు ఇంటికాడ తుమ్మొచ్చేది. దాని మీద మోటారు సైకిలు పోతే, ఇసక కూలి, చమురు కారి, ఆ వేసవి మేము తాగేది ఉప్పునీళ్ళు, తినేది రాళ్ళు.

దొరల నాయకుడు స్థలం చూసుకోడానికి ముందుగానే ఒక్కడే వచ్చాడు. పొడుగు మనిషి, ఎర్ర మిరపపండు రంగు. చావడిలో కూర్చోబెట్టి రెడ్డి మాట్లాడాడు, నేను ఇటుదటు అటుదిటు చేశాను.

జేజి గుంజ కాడ నిలబడి అడిగింది. "ఎండాకాలమంతా నేను పప్పు దేంతో ఉడకేసుకోవల్లో కనుక్కోరా."

హోటలాయన నవ్వాడు. "జేజీ, నీ పప్పు కోసం ఊరు బాగుపడకుండా పోవల్నా?"

"నీ కాఫీకి నీళ్ళు యాడనుంచి తెస్తాండావప్పా?"

"చెలమలోటివే. బానలు ముందే నింపి పెట్టుకున్యా."

"అయితే మేమంతా ఈ వేసవికి నీ బానలో మునగాల్నా?"

ఈ సంవాదాన్ని నేను దొరకు "నీళ్ళ గురించి కొంచెం ఆందోళన ఉంది" అని చెప్పాను. మిగతా ఇంగ్లీషు నా దగ్గర లేదు. ఆయన మర్యాదస్థుడే. చెయ్యెత్తి, నిండు చావడిలో, మీ ఆచారం ఏదైనా సరే దానికి మేము అడ్డం రాము, ఇది నా మాట అన్నాడు. బజారువీధి చప్పట్లు కొట్టింది. జేజి తల మీద కొంగు సర్దుకొని, ఏమీ అనకుండా బయటికి పోయింది. ఆమె ఏమీ అనకుండా పోవడం నాకు తెలిసి అది రెండోసారి. మొదటిసారి పోయినప్పుడు పక్కింటివాళ్ళు ఇల్లే మార్చుకున్నారు.

దొర తన ఫట్‌ఫటీ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకొని ఏటికి బయలుదేరాడు. అది కదిలినప్పుడు నా ఒళ్ళు దాంతో పోయింది, ప్రాణం చావడిలో ఆగిపోయింది. ఏటిగడ్డ కాడ రెండూ కలుసుకునేసరికి ఊరంతా పరుగున వచ్చి చేరింది. అప్పటికే జేజి ఏట్లోకి దిగే దోవకు అడ్డంగా కూర్చోనుంది. పక్కన కడవ, కొబ్బరిచిప్ప.

"ఆగు నాయనా. చెప్పులు విప్పు."

ఇది మా ఊరి కట్టుబాటు. చెలమలున్న ఇసకలోకి చెప్పులతో ఎవరూ దిగరు. రెడ్డి దిగడు, కరణం దిగడు. ఒకసారి కొత్తల్లుడొకడు కిర్రుచెప్పులతో దిగితే, ఆ అల్లుణ్ణి ఇప్పటికీ కిర్రల్లుడంటారు. ఇప్పుడాయనకు మనవళ్ళు.

నేను చెప్పాను. దొర సంతోషంగా గట్టు మీద కూర్చొని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఆ బూట్ల తాళ్ళతో మా ఊరి ఎద్దులన్నిటికీ పగ్గాలు వేయొచ్చు. విప్పి, జోడుగా పెట్టి, మళ్ళీ బండి ఎక్కబోయాడు.

"దానివో?" అంది జేజి.

"దేనివి జేజీ?" అన్నాను.

"ఆ గుర్రానివి. దాని చెప్పులు."

నేను ఇంగ్లీషులో, మీ బండిని కూడా చెప్పులు విప్పమంటున్నారు అన్నాను. నా ఇంగ్లీషే తప్పనుకొని దొర ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను. అప్పటికీ ఎక్కకపోతే నా కాలి చెప్పు తీసి ఎత్తి చూపించాను. ఒక తెల్లదొరకు చెప్పు చూపించి బతికినవాణ్ణి కడప కర్నూలు జిల్లాలు రెండిట్లో నేనొక్కణ్ణే.

బండికి కాళ్ళే లేవు కదా అన్నాడు దొర.

జేజి నా చేతిలోని చెప్పు లాక్కొని, గుంపులో వెనక్కి వెనక్కి జరుగుతున్న చర్చి పెద్దాయన వైపు తిప్పింది. "ఏమప్పా, ఇది నువ్వు కుట్టిందేనా?"

"నేనే జేజీ."

"దేంతో కుట్టినావు?"

"వార్లు మంచి మేకతోలు జేజీ. వాన్లో తడిసినా..."

"వార్లు కాదప్పా. అడుగు."

పెద్దాయన ఆకాశం చూశాడు. పేట వైపు, చర్చి గంట వైపు చూశాడు. అబద్ధమాడరాదని పోయిన ఆయితారమే పిల్లకాయలకు చెప్పినట్టున్నాడు. "అడుగు రబ్బరు జేజీ."

"యాడి రబ్బరు?"

"మోటారు టైరు."

"ఇది తొడుక్కోని నా మనవడు ఏట్లోకి దిగొచ్చునా?"

"దిగగూడదు."

"ఎందుకు?"

"చెప్పు గదా జేజీ, యెట్ల దిగుతాడు?"

"మల్ల అదే టైరు కొయ్యకుండా గుండ్రంగా ఉంటే, చెప్పు గాకుండా పోయిందా?"

సోడా సాయిబు "వాహ్" అన్నాడు. వెంటనే తను బజారువీధి మనిషినని గుర్తొచ్చి దగ్గాడు. నేను సంగతంతా దొరకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన నా చెప్పు తీసుకొని తిరగేశాడు. ఒంగి, బండి చక్రం పక్కన పెట్టాడు. చెప్పు అడుగున గళ్ళు, చక్రం మీద గళ్ళు ఒకతల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఆయన ఒక్కొక్క గడినీ వేలితో తడిమి చూశాడు. కోపమొస్తుందేమోనని రెడ్డి ఇంకొకరి వెనక నిలబడ్డాడు. నేను రెడ్డి వెనక నిలబడ్డాను.

దొర అడిగింది ఒక్కటే. "టైర్లు తీసేస్తే?"

"దిగమను," అంది జేజి ధారాళంగా.

టైర్లు తీసిన బండి ఇసకలోకి దిగితే పెన్న అడుగున పాతాళంలో తేలుతుందని దొరకు తెలియంది కాదు. గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ ఎండకు మొహం మిరపపండు దాటి కుంకుమకొచ్చింది. అప్పుడు జేజి చెలమ కాడికి పోయి, చిప్పతో తేర్చి తేర్చి నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. తాగాడు. ఇంకొక చిప్ప అడిగాడు. మూడోది తనే ముంచుకుంటానని లేచి వట్టికాళ్ళతో ఇసకలోకి దిగాడు. ఆ ఇసకలో శనగలు చల్లితే పుట్నాలు ఏరుకోవచ్చు. దొర చెలమదాకా పోయింది నడకో, నాట్యమో చెప్పలేను. వంగి, గుంతలో నీళ్ళు ఊరడం చూశాడు. చిప్పెడు తీస్తే చిప్పెడు మెల్లగా నిండుతోంది. గంతులేసుకుంటూ తిరిగొచ్చి, నాతో నెమ్మదిగా అన్నాడు: మాటిచ్చాను. ఇంకెక్కడైనా చోటుందా?

మా ఊరికి అవతల, హోటలు వెనక, పశువులు కూడా మొహం తిప్పుకునే రాళ్ళ బీడు ఒకటి ఉంది. రెడ్డి జనం వెనకనుంచి ముందుకొచ్చి, దాన్ని ఊరంతటి తరఫున ఉదారంగా చూపించాడు.

ఏటివీధి ఒక్కసారిగా వదిలిన ఊపిరికి గట్టు మీది దుమ్ము లేచింది. బజారువీధి కూడా ఊపిరి వదిలింది. హోటలు వెనకనే పందెం అయ్యేసరికి హోటలాయన, తను మొదటినుంచీ జేజి పక్షమేనని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

ఆయితారం పందేలు జరిగాయి. ఆ బీడులో తుమ్మముల్లు లేని జానెడు నేల లేదు. దండోరా ఆయన మాట అప్పుడు నిజమైంది. మోటారు సైకిళ్ళు ఒకటొకటిగా రాలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, టైర్లకు తప్ప. రాళ్ళలోను ముళ్ళలోను పడినవి ఫలించవని చర్చి పెద్దాయన ఏటేటా చదివి చెప్పే వాక్యం. ఆ సాయంత్రం మాత్రం ఆయనకు నూరంతలు ఫలించాయి. దొరలు వదిలేసిన టైర్లు ఎద్దులబండి మీద వేసుకొని, పాట పాడుకుంటూ పేటకు పోయాడు. మరుసటేడు దొరలు రాలేదు. సాయిబు ఒక్కడే బాధపడ్డాడు, అదీ రెండు రోజులు.

పందేలైన పొద్దు జేజి ఎసట్లో పప్పు వేసి గడప దాటి వచ్చేలోపలే ఉడికి వాసనొచ్చింది. ఇద్దరం చెలమనీళ్ళ పప్పుతో సంగటి తింటుంటే, "ఏంరా, ఆ దొర మూడు చిప్పలు తాగినాడు గదా, నీళ్ళు తగ్గలేదే?" అంది. తగ్గలేదన్నాను. తలూపి ఇంకొక గరిటె వేసింది.

అప్పటినుంచి మా ఊరి మాటే తిరగబడింది. బస్సు చక్రం పగిలితే "బస్సుకు చెప్పు తెగినాది" అంటారు. పై ఊళ్ళవాళ్ళు నవ్వుతారు, మాకు నవ్వు రాదు. కాలి చెప్పులను టైర్లంటారు. మొన్న ఊరికి పోయి, ఏటిగడ్డ కాడ ఏదో ధ్యాసలో ఇసకలోకి అడుగేయబోతే, కడవ ఎత్తుకున్న ఆడమనిషి ఒకామె నన్ను ఆపింది. నేనెవరో ఆమెకు తెలియదు.

"యాడికప్పా, టైర్లేసుకోని?"

విప్పి చేత పట్టుకున్నాను. ఇసక ఎప్పటిలాగే కాలుతోంది. చెలమలో నీళ్ళు ఊరుతున్నాయి.