కత్తికి అడ్డం కూసున్న ఇక్బాలున్నీసా

కిషన్‌బాగ్‌ల మా పక్కిల్లు ఇక్బాలున్నీసాది. మేము ఖాలా, అంటే చిన్నమ్మా, అని పిలుస్తుంటిమి. ఇంట్ల బట్టలు కుట్టేది. పెనిమిటి నసీరుద్దీన్ బేగంబజార్ల గిన్నెల దుకాణంల పనిచేసేటోడు.

పెద్దకొడుకుకు సున్తీ చేసిననాడు నెత్తురు ఆగలే. మూడోదినం పిల్లగాడు పోయిండు. కత్తి పట్టిన ముష్తాక్ చెయ్యి మంచిది కాదన్నరు అందరు. ఖాలా ఆయనను ఒక్క మాట అనలే. చిన్నప్పుడు ఆమె తమ్ముడు గూడ గట్లనే పోయిండు. ఇంకో తమ్మునికి పన్ను ఊడితే వారం దినాలు నెత్తురు కారిందట.

1941ల చిన్నకొడుకు యాకూబ్‌కు ఐదేండ్లు. మోకాలు గీసుకపోతే రెండు దినాలు గుడ్డ తడుస్తనే ఉండె. ఖాలా వాన్ని దవాఖానకు ఎత్తుకపోయింది. తమ్ముళ్ల సంగతి విన్న డాక్టరు, "ఇది తల్లి వంకనుంచి వచ్చే రోగం. కత్తి తగలనియ్యకమ్మా" అన్నడు.

అత్త అజీజున్నీసా మాత్రం వినలే. సున్తీకి దినం పెట్టి చుట్టాలను పిలిచింది. ముష్తాకే వచ్చిండు. యాకూబ్ మెడల పూలహారం ఏసిన్రు. ఖాలా వాన్ని ఒళ్లె పెట్టుకొని చాప మీద కూసున్నది.

"లే. మంది నవ్వుతరు" అన్నది అత్త.

"నవ్వనియ్యి. పోయినసారి గీ మందే ఏడ్చెటందుకు వచ్చిన్రు."

"వాడు ముసల్మాన్ కాడా?"

"నమాజు చదువుతడు, రోజా ఉపాసం ఉంటడు. వాని పాణం అల్లా అడగలే. అడిగేది మీరు!"

ముష్తాక్ దిక్కు తిరిగింది. "భాయ్, కత్తి పట్టే ముందు ఏ తల్లినన్న అడిగినవా, మీ ఇంట్ల నెత్తురు ఆగనోళ్లు ఉన్నరా అని?"

ముష్తాక్ తలకాయ దించిండు. "లేదు ఆపా. ఏడేండ్ల సంది నా చెయ్యినే తిట్టుకుంటున్న." కత్తిని గుడ్డల చుట్టిండు. అత్త ఇంకొకన్ని పిలిపిస్తనంటే, "పిలిపియ్యి. గడపల నేను పండుకుంట" అన్నడు.

నసీరుద్దీన్ కొడుకు మెడల హారం తీసి, వచ్చినోళ్లను అన్నానికి కూసోబెట్టిండు.

చుట్టాలు దావత్‌లకు పిలుసుడు బంద్ చేసిన్రు. ఖాలా పిలవకున్నా పోయేది, యాకూబ్‌ను ముందల కూసోబెట్టేది. ముష్తాక్ ఇగ ఏ ఇంటికి పోయినా తల్లిని అడగంది కత్తి తీయలే. రెండిండ్లల్ల నెత్తురు ఆగనోళ్లు ఉన్నరంటే, సున్తీ వద్దని చెప్పి తిరిగొచ్చిండు.

పదో ఏట యాకూబ్ ఖురాన్ చదువుడు పూర్తి చేసిండు. ఆ దావత్‌కు సగం మంది రాలే. ఖాలా బగారా అన్నం గిన్నె చంకన పెట్టుకొని, రానోళ్ల ఇండ్లన్ని తిరిగింది.

"తినున్రి" అన్నది ప్రతి గడపల. "నా కొడుకు బతికుండి పెడుతున్న దావత్ ఇది."